తొంభై ఏడు రూపాయల ఊరు

పల్నాడు మనిషిని ఏమన్నా పడతాడు గానీ, పక్క ఊరివాడూ నువ్వూ ఒకటే అంటే మాత్రం పడడు. నరసరావుపేటలో పచ్చళ్ళ షాపు పెట్టిన సుకన్యకు ఈ సంగతి మొదటి ఏడాదే తెలిసొచ్చింది. అప్పట్లో పార్శిల్ చార్జీ దూరాన్ని బట్టి రెండు మూడు రకాలే ఉండేది. రెంటచింతల నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మాచర్లోళ్ళకీ మాకూ ఒకటే రేటు ఏందమ్మా? బస్సు మా ఊరు దాటుకునేగా మాచర్ల పోయేది!" అని దెబ్బలాటకు దిగాడు. పచ్చడి ఎట్లా ఉందో ఒక్క మాట చెప్పలేదు. ఇలాంటి ఫోన్లు రోజూ వచ్చేవి. విసిగిపోయిన సుకన్య ఒకరోజు షాపులో కంప్యూటర్ పని చూసే నిరోషను పిలిచి, "ఏ ఊరి రేటు ఆ ఊరికి పెట్టవే. ఈళ్ళతో నేను పడలేను" అంది.

నిరోష పెట్టింది. ఆర్టీసీ కార్గోలో దగ్గరి బస్టాండు దాకా ఎంత, అక్కడి నుంచి ఇంటి గుమ్మం దాకా ఆటో అతను ఎంత తీసుకుంటాడు, రెండూ కలిపి ఊరికో రేటు. రెండు ఊళ్ళకు ఒకటే వస్తే ఒకదానికి రూపాయి తగ్గించేది. ఆ రేట్లన్నీ ఎక్సెల్‌లో ఊరి పేర్ల పక్కన రాసింది. ఇంకో షీట్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, వాళ్ళ ఊళ్ళు. మూడో షీట్‌లో ఒక పసుపు గడి. అందులో ఫోన్ నంబరు కొడితే, వీలుకప్ అనే ఫార్ములా ముందు ఆ నంబరుది ఏ ఊరో వెతుకుతుంది, తర్వాత ఆ ఊరికి రేటెంతో వెతుకుతుంది, చివరికి పక్క గడిలో చార్జీ ఒక్కటే చూపిస్తుంది.

సుకన్య చెవికి అది వీలుకప్పగా వినపడింది. ఇక షాపులోనూ, పార్శిళ్ళు చేర్చే ఆటోవాళ్ళ నోటా అదే పేరు. పచ్చడి కలుపుతూ లోపలి నుంచే "ఏమే, కప్ప ఏమంటంది?" అని కేకేసేది. నంబరు దొరక్కపోతే గడిలో ఎర్రర్ వచ్చేది. దాన్ని ఇద్దరూ "కప్ప నోరు మూసింది" అనుకునేవాళ్ళు.

మొదట్లో ఆ కప్ప నిరోషను చానా తిప్పలు పెట్టింది. ఫార్ములా చివర ఫాల్స్ అని రాయకపోతే, అడిగిన నంబరు లేనప్పుడు ఊరుకోదు. దగ్గర్లో ఉన్న ఇంకో నంబరును పట్టుకుని, దాని రేటు నిక్షేపంగా చెప్పేస్తుంది. "అబద్ధం అని రాస్తేనే నిజం చెప్పుద్దా? ఇదెక్కడి కప్పే!" అని సుకన్య పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటి నుంచి ఫార్ములా ముట్టుకున్నప్పుడల్లా నిరోష తనకు తెలిసిన నంబరు ఒకటి కొట్టి చూసేది. తెలిసిన నంబరంటే వాళ్ళమ్మ రత్నకుమారిది. ఊరు నకరికల్లు, రేటు నలభై మూడు. అది సరిగ్గా వస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టే.

సుకన్య ఆ ఊళ్ళనూ రేట్లనూ పెద్ద ఫ్లెక్స్ కొట్టించి షాపు గోడకు కట్టించింది. జనం వచ్చి ముందు తమ ఊరి రేటు చూసేవాళ్ళు, తర్వాత పక్క ఊరిది చూసేవాళ్ళు, తృప్తిగా పచ్చడి కొనుక్కుని పోయేవాళ్ళు. నిరోషకు ఆ ఫ్లెక్స్ అంటే లోలోపల గర్వం. ఇప్పుడు ఆ రోజుల సంగతి ఎవరైనా ఎత్తితే ఆమె మాట మార్చేస్తుంది.

*

దయామణి కిందటేడు దాకా అదే షాపులో పండుమిరపకాయల తొడిమలు తీసి, రోట్లో తొక్కిన మనిషి. ఆమె మొగుడు సాల్మన్ రాజు నరసరావుపేటలో ఆటో తోలేవాడు. గురజాల వైపు బాడుగకు పోయి వస్తూ, రోడ్డు పక్కన ఒక మనిషిని నలుగురు కొడవళ్ళతో నరకడం చూశాడు. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. కేసు కోర్టుకొచ్చేసరికి ఒక్కొక్కరే మాకేం తెలియదన్నారు. సాల్మన్ రాజు మాత్రం అనలేదు. ఒకరోజు అతని ఆటో అద్దాలు పగిలాయి. ఇంకొన్నాళ్ళకు ఎవరో ఆటో సీటు కింద కొత్త కొడవలి పెట్టి పోయారు. అది చూసిన మర్నాడు మొగుడూ పెళ్ళాం ఇంటికి తాళం వేసి ఎటో వెళ్ళిపోయారు. ఎక్కడున్నారో దయామణి కన్నతల్లికి కూడా తెలియదు.

తెలిసింది నిరోష ఒక్కదానికే. అదీ పచ్చడి వల్ల.

ఒక ఆదివారం ప్రార్థన అయిన వేళకు కొత్త నంబరు నుంచి దయామణి ఫోన్ చేసింది. "నోటికి ఏదీ సయించటంలా నిరోషా. లోపలున్నది మన షాపు పండుమిర్చి తప్ప ఏదీ ఒద్దంటంది" అని నవ్వబోయి ఏడ్చింది. మాచర్ల అవతల, అడివంచున నల్లగుట్టపాడులో దూరపు చుట్టాల కొట్టంలో ఉన్నామంది. "గురజాల కోర్టులో వాయిదా అయ్యేదాకా ఎవురికీ చెప్పమాకే. సుకన్యక్కకు కూడా. ఫోను కూడా ఆదివారం కాసేపే ఏస్తా."

నిరోష ఎవరికీ చెప్పలేదు. షీట్‌లో పేరు మేరీ అని రాసింది. ఊరు రాయకపోతే పార్శిల్ మీద అంటించే చీటీ రాదు కాబట్టి ఊరు రాయక తప్పలేదు. అందుకని ఊళ్ళున్న షీట్‌కు పాస్‌వర్డ్ పెట్టింది. బయటికి కనపడేది పసుపు గడి, దాని పక్కన చార్జీ, అంతే. చార్జీ చూసి ఎవరేం చేసుకుంటారు? తన తెలివికి తనే మురిసిపోయి, దయామణి సీసా నిండా పచ్చడి పెట్టి, పైన రెండు గరిటెలు నూనె ఎక్కువే పోసింది.

*

వాయిదా సోమవారం. ఆ ముందు శనివారం షాపు సందడిగా ఉంది. కొత్త మిరపకాయ వచ్చింది, కల్లాల్లోంచి బస్తాలు దిగుతున్నాయి, అందరికీ తుమ్ములు. ఆ సందడిలో షాపు ఫోన్ మోగింది.

"మా చెల్లెలికి రెండు సీసాలు పంపియ్యాలి తల్లీ. ఇదివరకు మీ కాడే తెప్పించుకుందంట. నంబరు చెప్తా, చార్జీ ఎంతో చూడు."

నెమ్మదైన గొంతు. పెద్దమనిషి గొంతు. అతను నంబరు చెప్పాడు, నిరోష గడిలో కొట్టింది. ఒక చేత్తో కొడుతూ ఇంకో చేత్తో టేపు చింపుతోంది.

"తొంభై ఏడండీ."

"తొంభై ఏడు" అని అతను ఎవరికో వినపడేట్టు అన్నాడు. "ఖాయమేనా తల్లీ?"

"ఖాయమేనండీ."

"సరే. నేనే వచ్చి డబ్బు కట్టి పోతా."

మధ్యాహ్నం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, కుడిచేతి చిటికెన వేలికి పొడుగ్గా పెంచిన గోరు. పచ్చళ్ళ వైపు చూడలేదు. నేరుగా ఫ్లెక్స్ దగ్గరికి పోయి, పైనుంచి కిందికి ఆ గోటితో గీసుకుంటూ వచ్చాడు. గోరు ఫ్లెక్స్ మీద గరగరమంటూ దిగి, చివరి వరసలో ఒకచోట ఆగింది.

"తొంభై ఏడు ఒక్క ఊరికేనా తల్లీ?"

ఫోన్ చేసింది ఇతనేనని నిరోషకు గొంతును బట్టి తెలిసింది. అంతకు మించి ఏమీ తట్టలేదు. ఫ్లెక్స్‌ను ఎవరైనా అంత శ్రద్ధగా చూస్తే ఆమెకు సంతోషం కదా!

"ఒక్క ఊరికేనండీ. మా దగ్గర ఏ రెండూళ్ళకీ ఒకటే రేటు ఉండదు" అంది.

"చానా తెలివైన పని. ఎవరు చేశారు?"

"నేనేనండీ."

"మీదే ఊరు తల్లీ?"

"నకరికల్లండీ."

"నకరికల్లులో ఎవురమ్మాయివి?"

ఇక్కడ ఈ ప్రశ్న ఎవరు ఎవరినైనా అడుగుతారు. అడిగితే చెప్పకపోవడం పొగరు కింద లెక్క. "టైలర్ రత్నకుమారి గారమ్మాయినండీ" అని చెప్పింది. అతను తలూపి, ఫ్లెక్స్‌కు ఫోటో తీసుకుని, పచ్చడి మళ్ళీ వచ్చి తీసుకుంటానని వెళ్ళిపోయాడు.

డబ్బు కట్టలేదే అన్న ఆలోచన ముందు వచ్చింది. చెల్లెలి ఊరేదో అన్నకు తెలియదా, గోడ మీద వెతుక్కున్నాడేం అన్న ఆలోచన దాని వెనక వచ్చింది. నిరోష లేచి ఫ్లెక్స్ దగ్గరికి పోయింది. చివరి వరసలో గోటి గీత తెల్లగా కనపడుతోంది. గీత ఆగిన చోట నల్లగుట్టపాడు.

పసుపు గడిలో పొద్దున కొట్టిన నంబరు ఇంకా అలాగే ఉంది. పాస్‌వర్డ్ వేసి చూసింది. మేరీ.

ఆ నంబరు వాళ్ళకెట్లా దొరికిందో ఊహించడం కష్టం కాదు. దయామణి ఉండబట్టలేక తల్లికి ఫోన్ చేసి, పచ్చడి తెప్పించుకున్న సంగతి కూడా చెప్పి ఉంటుంది. నంబరు పట్టుకున్నారు, ఊరు దొరకలేదు. ఆ ఊరును తను నోరారా చెప్పింది. పేరు చెప్పకుండా, రూపాయల్లో చెప్పింది.

దయామణికి ఫోన్ చేసింది. స్విచాఫ్. శనివారం కదా మరి.

*

సుకన్యకు అంతా చెప్పేసింది. సుకన్య తిట్టలేదు. దానికే నిరోషకు ఎక్కువ భయమేసింది.

"పోలీసులకు చెబుదామక్కా."

"ఏమని చెప్తావే? ఒకాయన రేటు అడిగాడు, గోడకు ఫోటో తీసుకున్నాడు అనా? ఆళ్ళు రాసుకునేసరికి..." అని ఆగిపోయి, "మాచర్లలో మన ఆటో ఎవరిది? ప్రభుదేగా? ఆ అబ్బాయికి చెయ్" అంది.

నల్లగుట్టపాడుకు పార్శిళ్ళు చేర్చేది మాచర్ల ఆటో ప్రభు ఒక్కడే. నిరోష ఫోన్ చేసి సంగతి చెప్పేసరికి అతను సాగర్ డ్యామ్ చూసే జనాన్ని ఎక్కించుకుని పోయి ఉన్నాడు. "ఈళ్ళను మాచర్లలో దింపి, అటునించి అటే పోయి ఆళ్ళను ఎక్కించుకుంటానక్కా. ఎంత తొక్కినా పొద్దుగూకుద్ది" అన్నాడు.

పొద్దుగూకేదాకా ఆ ఇస్త్రీ చొక్కా ఆగుతాడా? పేట నుంచి కారులో ఎంతసేపు! నిరోష గోడ వైపు చూసింది. అతని దగ్గర ఉన్నవి రెండే. తను చెప్పిన తొంభై ఏడు, ఫోటోలో ఉన్న ఫ్లెక్స్. ఆ రెండింటికీ పొంతన లేకుండా చేస్తే? మనసు మార్చుకునేలోగా పొద్దున వచ్చిన నంబరుకు తనే ఫోన్ చేసింది.

"సార్, పచ్చళ్ళ షాపు నుంచండీ. మీరు ఫ్లెక్స్ ఫోటో తీసుకున్నారు కదా, అది పోయినేటిదండీ. ఆ రేట్లన్నీ మారిపోయినాయి. నేను చెప్పింది కొత్త రేటు. మీరు ఫోటో చూసి వేరే ఎవరికైనా పంపిస్తే పొరపాటు అవుద్దని..."

అవతల కారు పోతున్న చప్పుడు. అది ఆగింది.

"మంచిపని చేశావు తల్లీ, గుర్తుపెట్టుకుని చెప్పావు" అన్నాడు. కారులో ఇంకెవరినో ఏదో అడిగాడు. తర్వాత, "అట్టయితే ఇంకో నంబరు కొట్టు" అన్నాడు.

ఒక్కొక్క అంకే చెబుతుంటే నిరోష కొడుతూ పోయింది. సగానికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. మిగతా అంకెలు అతను చెప్పకముందే ఆమెకు తెలుసు. ఫార్ములా మార్చినప్పుడల్లా కొట్టిన నంబరు. అమ్మ ఇంటి ముందు టైలరింగ్ బోర్డు మీద ఎర్ర రంగుతో రాసున్న నంబరు, నకరికల్లులో ఎవరిని అడిగినా చెప్పే నంబరు.

గడిలో నలభై మూడు వచ్చింది.

"ఎంత తల్లీ?"

అతనూ తనలాగే తెలిసిన నంబరు కొట్టి చూస్తున్నాడు! నలభై మూడు అంటే ఫ్లెక్స్ సరైనదేనని తేలిపోతుంది. దయామణి, కడుపులో బిడ్డ, సాల్మన్ రాజు ముగ్గురూ అయిపోతారు. ఇంకేదైనా అంకె చెబితే, అది అబద్ధమో కాదో తేల్చుకోవడానికి అతను ఎక్కడికి వెళతాడో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. నకరికల్లు మాచర్ల దారిలోనే ఉంది.

నిరోష కళ్ళు మూసుకుంది. "యాభై ఎనిమిదండీ."

"ఫోటోలో నకరికల్లు నలభై మూడుండాదే?"

"అదేనండీ చెప్తున్నా. మారింది."

"సరే తల్లీ" అన్నాడతను. "అడిగి చూద్దాం."

*

అమ్మకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మిషను తొక్కేటప్పుడు రత్నకుమారి ఫోన్‌ను లోపల గదిలో పెట్టేస్తుంది, దారం తెగుతుందని. నిరోషకు ఆ సంగతి తెలుసు, అయినా ఆపకుండా చేస్తూనే ఉంది. తన తల్లిని తనే ఎరగా వేసినట్టు అనిపించింది. నలభై మూడని చెప్పేసి ఉంటే ఈపాటికి అమ్మ జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. సుకన్య పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఇంకా కారం ఉంది.

చివరికి రత్నకుమారే ఫోన్ చేసింది. గొంతులో సంబరం.

"ఏమే, ఇన్నిసార్లు చేశావు? మీ షాపు నుంచి ఒకాయన వచ్చాడులే. చానా మర్యాదస్తుడు. మొన్న నువ్వు పంపిన గోంగూర డబ్బాకు చార్జీ ఎంత పడింది, దాని మీద చీటీ చూపీమన్నాడు. ఆ చీటీ నేనెక్కడ పెట్టానో! బీరువా అంతా దులిపా. ఊరికే నిలబెట్టటం ఏంబాగుంటదని టీ పెట్టా. ఒద్దంటే ఊరుకున్నానా, పాలు లేకపోతే పక్కింటికి పోయి తెచ్చి మరీ ఇచ్చా. ఆఖరికి చీటీ మిషను కింద దొరికింది. నలభై మూడేగా? అదే చెప్పా. నవ్వుకుంటా పోయాడు."

"ఎంతసేపయిందమ్మా?"

"ఇప్పుడే కారెక్కాడు."

నిరోష ఫోన్ పెట్టేసి ప్రభుకు చేసింది. అందుబాటులో లేడు. నల్లగుట్టపాడు దారిలో సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేదంటే ప్రభు ఆ దారిలో ఉన్నాడని అర్థం చేసుకోవాలో, ఇంకేదైనా అర్థం చేసుకోవాలో తెలియలేదు. సుకన్య షాపు మూసేసింది కానీ ఇద్దరూ ఇంటికి పోలేదు. మిరపకాయల మధ్య కూర్చుని ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయారు.

దీపాలు పెట్టిన చాలాసేపటికి ప్రభు చేశాడు.

"ఎక్కించుకున్నానక్కా. కట్టుగుడ్డలతో ఎక్కారు. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఉండాది. మేం ఊరు దాటి రోడ్డెక్కతంటే ఒక తెల్లకారు ఊళ్ళోకి తిరిగింది. నన్ను చూసింది గానీ, ఆటోయేగా అనుకుని పోయింది."

నిరోషకు ఏడుపు ఆగలేదు. "ఇప్పుడు ఎక్కడికి తీసుకుపోతున్నావు ప్రభూ?"

"నీకు చెప్పనక్కా" అన్నాడు ప్రభు. "నువ్వు మళ్ళీ దాన్ని కప్పకు చెప్తావు."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. కానీ ప్రభు అన్నదాంట్లో తప్పేమీ లేదు.

*

ఆదివారం తెల్లారకముందే నిరోష నకరికల్లు పోయి, బలవంతంగా తల్లిని పేటకు తీసుకొచ్చింది. సుకన్య ఇంట్లో పై గది ఖాళీగా ఉంటే అందులో దించారు. ఎందుకో సగమే చెప్పారు. కుట్టాల్సిన జాకెట్లు ఆగిపోయాయని రత్నకుమారి గొణుగుతూనే ఉంది. ఫోన్ నంబరు మార్పించారు. నిరోష షీట్ తెరిచి, అమ్మ నంబరున్న వరసను తీసేసింది. ఫ్లెక్స్ పీకి పడేసి, ఏ ఊరికైనా ఒకటే రేటని తెల్లకాగితం అంటించింది. రెంటచింతల ఆయన మళ్ళీ ఫోన్ చేసి తిట్టాడు. తిట్టించుకుంది.

సోమవారం సాల్మన్ రాజు కోర్టులో నిలబడ్డాడు. చూసింది చూసినట్టు చెప్పాడని, చెబుతున్నంతసేపూ ఒక్కసారి కూడా గొంతు తడబడలేదని సుకన్యకు ఎవరో చెప్పారు. ఆ మాట విని సుకన్య రోకలి పక్కన పెట్టి, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నిరోషకు రెండ్రోజుల తర్వాత ఊపిరి ఆడినట్టయింది. రత్నకుమారి ఊరికే ఉండలేక షాపులోకి దిగి, చాప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడం మొదలుపెట్టింది. సరిగ్గా దయామణి కూర్చునే చోటే కూర్చుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం షాపు ఫోన్ మోగింది.

"ఒక నంబరు కొట్టు తల్లీ."

అదే గొంతు. అదే నెమ్మది. అతను ఒక్కొక్క అంకె చెప్పాడు. అమ్మ పాత నంబరు. నిరోష ఎందుకు కొట్టిందో ఆమెకే తెలియదు. అలవాటైన వేళ్ళు కొట్టేశాయి. గడిలో ఎర్రర్ వచ్చింది. కప్ప నోరు మూసింది.

"ఆ నంబరు మా దగ్గర లేదండీ" అంది.

అతను నవ్వాడు. కోపం ఉన్న నవ్వు కాదు.

"దొరుకుద్దిలే తల్లీ. నీదీ నాదీ ఎతికే పనేగా" అన్నాడు. "మీ అమ్మ టీ బాగా పెట్టుద్ది."

ఫోన్ ఆగిపోయింది. చాప మీద నుంచి రత్నకుమారి తల ఎత్తకుండానే, "ఎవరే?" అని అడిగింది.

"రేటు అడిగారమ్మా."

"ఎంతని చెప్పావు?"

ఎండ ఫెళ్ళున కాస్తుండగానే నిరోష లేచి వెళ్ళి, షాపు షట్టర్‌ను కింది దాకా లాగేసింది.